దామెర్ల రామారావు

దామెర్ల రామారావు (మార్చి 8, 1897 - ఫిబ్రవరి 6, 1925) ఆధునిక ఆంధ్ర చిత్రకళకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు. రాజమండ్రిలో జన్మించి, బొంబాయిలో చిత్రకళ అభ్యసించి, దేశంలోని పలు ప్రాంతాలలో పర్యటించి, తిరిగి తన ఊరికే వచ్చి చిత్రకళాశాల స్థాపించాడు. 28 సంవత్సరాలైనా నిండకుండానే మశూచి వ్యాధితో మరణించాడు. తైలవర్ణ చిత్రాలు కూడా రచించినప్పటికీ ఈయన ప్రతిభ ముఖ్యంగా నీటిరంగుల చిత్రాలలోను, ప్రయాణాలలో గీసుకొన్న రేఖాచిత్రాలలోను కనిపిస్తుంది. రామారావు యాత్రలు కేవలం కొత్త దృశ్యాలను సేకరించడానికి చేసినవి కావు. ఇతర ప్రాంతాల కళను చూసి నేర్చుకొన్న దృష్టితో గోదావరి తీరాన్ని, తెలుగు స్త్రీపురుషులను చిత్రించడమే ఆ యాత్రల ఫలితం. ఈయన చిత్రాలను అర్థం చేసుకోవడానికి ఇది ముఖ్యమైన సూత్రం.

నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో తెలుగువారికి చిత్రకళ అంటే ఎక్కువగా రాజా రవివర్మ (1848 - 1906) దేవతా చిత్రాల అచ్చుప్రతులే. 1894లో రవివర్మ ముద్రణాలయం స్థాపించిన తరువాత ఆ పటాలు సామాన్యుల ఇళ్ళ గోడల మీదికి చేరాయి. అవి పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిలో భారతీయ పురాణ గాథలను చూపించాయి. దీనికి భిన్నంగా కలకత్తాలో అవనీంద్రనాథ టాగూరు (1871 - 1951), ఆయన శిష్యులు మొగలాయీ, అజంతా, జపాను చిత్రకళల నుండి ప్రేరణ పొంది ఒక కొత్త మార్గాన్ని ప్రారంభించారు. బొంబాయి కళాశాలలో మాత్రం మనిషిని ఎదుట కూర్చోబెట్టి, వెలుగునీడలను కొలిచి గీసే పాశ్చాత్య శిక్షణ కొనసాగుతూ ఉండేది.

తెలుగు దేశంలో అప్పటికి కలంకారీ అద్దకం, నకాషీ పటాలు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు వంటి వృత్తికళలు సజీవంగా ఉన్నాయి. కాని ఆధునిక అర్థంలో "చిత్రకారుడు" అని చెప్పుకొని జీవించగల వాతావరణం గాని, చిత్రాలను ప్రదర్శించే చోటు గాని లేవు. రామారావు కృషిని ఈ పరిస్థితిలో ఉంచి చూడాలి.

బాల్యం, కూల్డ్రే శిష్యరికం

రామారావు వైద్యుని కుమారుడు. చిన్నతనం నుండి బొమ్మలు గీయడంలోనే ఆసక్తి. బడి చదువు అంతగా సాగలేదు. ఆ రోజులలో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఓస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే (1882 - 1958) ప్రిన్సిపాలుగా ఉండేవాడు. ఆంగ్లేయుడైన కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు, కవి, కథకుడు. 1909 నుండి 1919 వరకు ఆ పదవిలో ఉన్న ఆయన గోదావరి తీరాన్ని ఎంతగానో ప్రేమించాడు. స్వదేశం వెళ్ళిన తరువాత 1924లో "సౌత్ ఇండియన్ అవర్స్" అనే పుస్తకంలో తన అనుభవాలను ప్రచురించాడు.

కూల్డ్రే చుట్టూ చేరిన యువకులలో రామారావుతో పాటు, తరువాతి కాలంలో నవలాకారుడుగా, చిత్రకారుడుగా ప్రసిద్ధి పొందిన అడివి బాపిరాజు (1895 - 1952), కవి కవికొండల వెంకటరావు కూడా ఉన్నారు. చిత్రలేఖనం కళాశాల పాఠ్యాంశం కాదు. అయినా ఆరుబయట కూర్చొని చెట్టును, పడవను, గుడి గోపురాన్ని, బాటసారిని చూసి గీయడం ఈ యువకులకు కూల్డ్రే వలన అలవడింది. దేశీయ శిల్పచిత్రకళల గొప్పతనాన్ని కూడా ఆయనే వారికి బోధించాడు. ఒక ఆంగ్లేయుడు తెలుగు విద్యార్థులను తమ ఊరి వైపు, తమ పూర్వకళల వైపు చూడమని చెప్పడం ఆ కాలానికి విశేషమే.

బొంబాయి చదువు

1916లో కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. 1857లో స్థాపితమైన ఈ సంస్థకు అప్పుడు సెసిల్ బర్న్స్ ప్రిన్సిపాలు. రామారావు చూపిన చిత్రాలను పరిశీలించిన బర్న్స్, ప్రారంభ తరగతులతో పని లేకుండా ఆయనను నేరుగా పై తరగతిలో చేర్చుకొన్నాడు. 1920లో రామారావు ప్రథమ స్థానంలో చదువు పూర్తి చేశాడు.

బొంబాయి శిక్షణ వలన ఈయనకు శరీర నిర్మాణ పరిజ్ఞానం, దూరదృశ్య నియమాలు, వెలుగునీడల లెక్క పట్టుబడ్డాయి. తరువాతి కాలంలో శైలి ఎంత మారినా, ఈయన చిత్రాలలోని మనుషులు గాలిలో తేలిపోయినట్లు గాక నేల మీద బరువుతో నిలబడి ఉండడానికి కారణం ఈ శిక్షణయే. 1919లో సత్యవాణితో ఈయన వివాహం జరిగింది. ఆమె కూడా చిత్రకారిణి.

యాత్రలు

అజంతా, ఎల్లోరా: రామారావు యాత్రలలో మొదట చెప్పవలసినది అజంతా, ఎల్లోరా గుహల దర్శనం. ఇది కూడా కూల్డ్రే ప్రేరణతో జరిగినదే. అప్పుడు ఈ గుహలు నిజాం రాజ్యంలో ఉండేవి. అజంతాలో సుమారు 30 గుహలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దం నుండి క్రీస్తుశకం ఐదు, ఆరు శతాబ్దాల వరకు వేర్వేరు దశలలో వీటిని తొలిచారు. 1819లో జాన్ స్మిత్ అనే సైనికాధికారి వలన ఇవి ఆధునిక లోకానికి తెలియవచ్చాయి. 1872 నుండి 1885 వరకు బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో ఇక్కడి చిత్రాలకు ప్రతులు తీయించాడు. 1909 - 1911 మధ్య లేడీ హెరింగ్‌హాం నాయకత్వంలో నందలాల్ బోసు మొదలైన వంగ చిత్రకారులు మరల ప్రతులు తీశారు. అంటే రామారావు కాలానికి అజంతా అన్నది ఒక పురాతన స్థలం మాత్రమే కాక, భారతీయ చిత్రకారునికి ఒక పాఠశాలగా మారింది.

అజంతాలో కనిపించే ముఖ్య లక్షణం రేఖ. బుగ్గ, భుజం, చేతివేళ్ళ వంపు అన్నీ ఒకే ధారగా సాగే రేఖతో రూపు కడతాయి. రంగు ఆ రేఖ లోపల ఒదుగుతుంది. బొంబాయి శిక్షణలో వెలుగునీడల ద్వారా రూపాన్ని తేవడం ముఖ్యమైతే, ఇక్కడ రేఖ ద్వారా రూపాన్ని తేవడం ముఖ్యం. ఈ రెండింటిని కలపడం ఎలాగ అన్నదే రామారావు జీవితకాలపు సమస్య అయింది.

గుజరాత్, కాఠియవాడ్: చదువు ముగిసిన కాలంలో రామారావు బరోడా, కాఠియవాడ్ ప్రాంతాలలో పర్యటించాడు. ప్రసిద్ధ గుజరాతీ చిత్రకారుడు రవిశంకర్ రావళ్ (1892 - 1977)తో ఈయనకు స్నేహం ఉండేది. సంస్థానాలలో రూపచిత్రాలు గీయడం అప్పటి చిత్రకారులకు జీవనోపాధి. అటువంటి అవకాశాలు రామారావుకు కూడా లభించాయి. కాని ఆ పొడినేలల తీవ్రమైన వెలుగు, పశుపాలకుల గాగ్రాలు, తలపాగాలు, వాటి ఎరుపు పసుపు వన్నెలు గోదావరి ప్రాంతం నుండి వెళ్ళిన చిత్రకారునికి కొత్త అనుభవం. మట్టి రంగు నేపథ్యం మీద ఒక్క ముదురు రంగు వస్త్రం ఎంత ప్రభావం చూపుతుందో అక్కడి ప్రజలను చూస్తే తెలుస్తుంది.

వంగదేశం: రామారావు కలకత్తా చిత్రకారుల కృషిని కూడా దగ్గరగా పరిశీలించాడు. అక్కడి "వాష్" పద్ధతి దేశమంతటా ప్రచారంలోకి వస్తున్న కాలమది. ఆంధ్రదేశంలో కూడా బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ (1885 - 1979) ఈ పద్ధతిని బోధించాడు. చటర్జీ స్వయంగా హిమాలయాలలోను, టిబెట్టులోను సంచరించిన యాత్రికుడు. అడివి బాపిరాజు ఆయన వద్ద అభ్యసించాడు. రామారావు మాత్రం వంగ పద్ధతిని గౌరవించినా అనుసరించలేదు.

తిరిగి గోదావరికి: బొంబాయిలోనో సంస్థానాలలోనో స్థిరపడితే రామారావుకు మంచి ఆదాయం లభించి ఉండేది. ఈయన రాజమండ్రికి తిరిగి వచ్చాడు. తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చే గోదావరి, పడవలు, రేవులు, నీళ్ళకు వచ్చే స్త్రీలు, కార్తీక దీపాలు ఈయన చిత్రాలకు వస్తువులైనాయి. దూరదేశాలలో నేర్చిన దృష్టి సొంత ఊరి మీద ప్రసరించడం ఇక్కడ గమనించవచ్చు.

ప్రయాణాలకు నీటిరంగులే ఎందుకు?

తైలవర్ణ చిత్రానికి చట్రం మీద బిగించిన కాన్వాసు, నూనెలు, ఆరడానికి రోజుల తరబడి సమయం కావాలి. నీటిరంగులకు ఒక చిన్న రంగులపెట్టె, రెండు మూడు కుంచెలు, కాగితాల పుస్తకం, చెంబెడు నీళ్ళు చాలు. వేసిన బొమ్మ కొద్ది నిమిషాలలో ఆరుతుంది. పుస్తకం మూసి తరువాతి ఊరికి బయలుదేరవచ్చు. అందువలన పద్ధెనిమిదవ శతాబ్దం నుండి యాత్రికులైన చిత్రకారులకు ఇవి ఇష్టమైన సాధనాలైనాయి. 1786 - 1793 మధ్య భారతదేశమంతా తిరిగిన థామస్ డేనియల్, విలియం డేనియల్ కూడా దారిలో గీసుకొన్న చిత్రాల ఆధారంగానే ఇంగ్లండులో తమ ప్రసిద్ధ ముద్రణలు తయారు చేశారు.

నీటిరంగులలో రంగుపొడిని పట్టి ఉంచే పదార్థం తుమ్మ జాతి చెట్ల నుండి వచ్చే జిగురు. నీరు ఆరగానే ఆ జిగురు రంగును కాగితానికి అంటిస్తుంది. పొర చాలా పలుచగా ఉంటుంది కాబట్టి వెలుగు రంగు గుండా వెళ్ళి, కాగితపు తెలుపును తాకి, తిరిగి కంటికి చేరుతుంది. నీటిరంగుల చిత్రంలో కనిపించే కాంతికి మూలం ఇదే. తెల్లరంగు వేయరు. తెలుపు కావలసిన చోట కాగితాన్ని ఖాళీగా వదలాలి. నదిపై ఎండ తళుకును చూపాలంటే ఆ తళుకు ఉన్న చోట కుంచె తగలకూడదు. అంటే చిత్రకారుడు ఏమి వేయాలో కంటే ఏమి వేయకూడదో ముందుగా నిర్ణయించుకోవాలి.

ఈ మాధ్యమంలో తప్పు దిద్దుకోవడం కష్టం. ముదురు రంగు పడిన చోట మరల లేత రంగు తేలేము. తడి కాగితంపై రంగు ఎటు పాకుతుందో కొంతవరకే చిత్రకారుని అదుపులో ఉంటుంది. కనుక నీటిరంగుల చిత్రానికి ముందు పెన్సిలుతో పదేపదే గీసి చేయి సాధన చేయడం అవసరం. రామారావు పెన్సిలు రేఖాచిత్రాలు ఎంతో పెద్ద సంఖ్యలో గీయడంలోని అంతరార్థం ఇదే. అవి పూర్తి కాని చిత్రాలు కావు, పూర్తి చిత్రాలకు మెట్లు.

శైలి, ప్రయోగాలు

రామారావు చేసిన ప్రయోగాన్ని తెలుసుకోవాలంటే వంగ వాష్ పద్ధతితో పోల్చి చూడాలి. 1903లో కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల పని చూసి అవనీంద్రనాథుడు ఈ పద్ధతిని రూపొందించాడు. రంగు వేసి ఆరిన తరువాత కాగితాన్ని నీటిలో ముంచి తీస్తారు. అదనపు రంగు కొట్టుకొనిపోయి మిగిలినది కాగితంలో ఇంకుతుంది. మరల రంగు వేసి మరల కడుగుతారు. చివరకు చిత్రం మొత్తం ఒక పలుచని పొగమంచు వెనుక ఉన్నట్లు కనిపిస్తుంది. స్వప్నం, విషాదం, జ్ఞాపకం వంటి భావాలకు ఇది అనువైనది.

గోదావరి తీరపు ఎండను, తెలుగు పల్లెల స్పష్టమైన వన్నెలను చూపడానికి ఆ పొగమంచు అడ్డు వస్తుంది. రామారావు దానిని తొలగించాడు. ఈయన చిత్రాలలో ఈ క్రింది లక్షణాలను విమర్శకులు గుర్తించారు.

* అజంతాను గుర్తు చేసే లయాత్మకమైన, తెగని రేఖ.
* బొంబాయి శిక్షణ వలన వచ్చిన శరీర నిర్మాణ జ్ఞానం. అయితే దానిని ప్రదర్శించే ఆరాటం కనబడదు.
* నిర్మలమైన, ప్రకాశవంతమైన రంగులు.
* సన్నగా, పొడవుగా, సుకుమారంగా ఉండే మూర్తులు. గుంపుగా ఉన్నప్పటికీ ఒక్కొక్కరి భంగిమ వేరుగా ఉంటుంది.
* తెలుగువారి కట్టు, బొట్టు, కొప్పు, నగలు. పురాణ కథలోని పాత్రలు కూడా తెలుగు నేల మనుషులుగానే కనిపిస్తారు.

ఈ చివరి లక్షణమే "ఆంధ్ర చిత్రకళ" అన్న మాటకు అర్థం కల్పించింది. అంతకుముందు రవివర్మ నాయికలు మరాఠీ, మలయాళ స్త్రీల వలె ఉండేవారు. వంగ చిత్రాలలో నాయికలు వంగ స్త్రీల వలె ఉండేవారు. రామారావు చిత్రాలలో తెలుగు స్త్రీ తన ఇంటి ముంగిట, తన రేవులో కనిపించింది.

పద్ధతి ప్రకారం చూస్తే ఈయన చేసినది మూడు మార్గాల సమ్మేళనం. బొంబాయి నుండి నిర్మాణం, అజంతా నుండి రేఖ, వంగదేశం నుండి భారతీయ ఇతివృత్తం పట్ల గౌరవం స్వీకరించాడు. వీటిలో ఏ ఒక్కదానికి పూర్తిగా లొంగి ఉంటే ఈయన మరొక అనుచరుడుగా మిగిలిపోయి ఉండేవాడు.

ముఖ్యమైన చిత్రాలు

ఋష్యశృంగ బంధనం: విభాండక మహర్షి కుమారుడైన ఋష్యశృంగుడు అడవిలో స్త్రీని ఎరుగకుండా పెరిగాడు. అంగదేశంలో కరవు తీరడానికి రోమపాద మహారాజు వేశ్యలను పంపి అతనిని రప్పించిన కథ ఇందులోని వస్తువు. కలకత్తాలో 1922లో జరిగిన ప్రదర్శనలో ఈ చిత్రానికి బహుమతి లభించింది. వంగ చిత్రకారుల కేంద్రంలోనే వారి పద్ధతిని అనుసరించని ఒక తెలుగు యువకుడు గుర్తింపు పొందడం గమనార్హం.

సిద్ధార్థ రాగోదయం: సిద్ధార్థుని మనస్సులో అనురాగం ఉదయించిన ఘట్టం. రామారావు రచనలలో అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఇది ఒకటి. బుద్ధుని జీవితాన్ని చిత్రించిన వారు సాధారణంగా మహాభినిష్క్రమణను గాని, జ్ఞానోదయాన్ని గాని ఎన్నుకొంటారు. ఈయన మాత్రం యౌవనాన్ని ఎన్నుకొన్నాడు.

తూర్పు కనుమలలో గోదావరి: ప్రకృతి దృశ్యం. పాపికొండల ప్రాంతంలో గోదావరి కొండల మధ్య ఇరుకుగా ప్రవహించి, ఆ తరువాత రాజమండ్రి వద్దకు వచ్చేసరికి విశాలమవుతుంది. ఈ నదీమార్గమే రామారావుకు అతి సమీపమైన యాత్రాస్థలం.

పుష్పాలంకారం, నంది పూజ, కార్తీక పౌర్ణమి: ఈ మూడు చిత్రాలు తెలుగు స్త్రీల నిత్యజీవితంలోని అలంకారం, ఆరాధన, పండుగలకు సంబంధించినవి. పురాణ కథ అవసరం లేకుండానే నిత్యజీవితం చిత్రానికి తగిన వస్తువు కాగలదని ఇవి నిరూపిస్తాయి.

1924లో లండను సమీపంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో కూడా రామారావు చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి.

రాజమండ్రి చిత్రకళాశాల

1923లో రామారావు రాజమండ్రిలో చిత్రకళాశాలను స్థాపించాడు. తాను నేర్చుకోవడానికి బొంబాయి వరకు వెళ్ళవలసి వచ్చింది. తరువాతి వారికి ఆ అవసరం లేకుండా చేయాలన్నది ఈయన ఆశయం. వరదా వెంకటరత్నం (1895 - 1963), చామకూర భాష్యకార్లు మొదలైనవారు ఈయనతో కలిసి పనిచేశారు. భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రలేఖనం అభ్యసించారు. కులీన కుటుంబాల స్త్రీలు కుంచె పట్టడం అరుదైన ఆ రోజులలో ఒకే ఇంట ఇద్దరు చిత్రకారిణులు ఉండడం విశేషం.

మరణం

1925 ఫిబ్రవరి 6న రామారావు మశూచి సోకి మరణించాడు. మశూచికి టీకా 1796లోనే ఎడ్వర్డ్ జెన్నర్ కనిపెట్టినప్పటికీ, ఆ తరువాత ఎన్నో దశాబ్దాలు ఈ వ్యాధి మనదేశంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. భారతదేశంలో 1975లోను, ప్రపంచమంతటా 1980 నాటికి ఇది నిర్మూలింపబడింది.

చదువు ముగిసిన తరువాత రామారావుకు దక్కినది సుమారు ఐదు సంవత్సరాల కాలం మాత్రమే. ప్రయాణాలలో గీసుకొన్న రేఖాచిత్రాలలో చాలా వాటిని పెద్ద చిత్రాలుగా మార్చే అవకాశం ఈయనకు కలుగలేదు. కనుక ఈయన ప్రతిభను పూర్తి చేసిన చిత్రాలను బట్టి మాత్రమే అంచనా వేయడం సరికాదు. చిత్తు పుస్తకాలను కూడా చూడాలి.

తరువాతి తరాలు

రామారావు మరణానంతరం వరదా వెంకటరత్నం చిత్రకళాశాలను నిలబెట్టడానికి కృషి చేశాడు. ఈయన చిత్రాలను సంరక్షించి ఒక చిత్రశాలగా ఏర్పరచడంలో కూడా ఆయన పాత్ర ప్రధానమైనది. అడివి బాపిరాజు తన రచనల ద్వారాను, చిత్రాల ద్వారాను ఈ ఉద్యమానికి ప్రచారం కల్పించాడు.

తెలుగు దేశంలో నీటిరంగుల సంప్రదాయం గోదావరి తీరానికే పరిమితం కాలేదు. శ్రీకాకుళంలో జన్మించిన వడ్డాది పాపయ్య (1921 - 1992) అనకాపల్లికి సమీపంలోని కశింకోటలో నివసించి, "చందమామ", "యువ" వంటి పత్రికలకు వేసిన వర్ణచిత్రాలతో లక్షలాది పాఠకుల మనస్సులలో నిలిచాడు. ఆయన రామారావు శిష్యుడు కాడు, ఆయన మార్గం వేరు. కాని తెలుగు రూపాన్ని, తెలుగు ఋతువులను, ప్రకాశవంతమైన వన్నెలను చిత్రించడంలో ఇద్దరి అభిరుచి ఒక్కటే. చిత్రశాలకు వెళ్ళలేని వారికి పత్రిక ముఖచిత్రమే చిత్రశాల అయింది.

ఆక్రిలిక్ రంగుల రాక

రామారావు కాలంలో చిత్రకారుని ముందు ఉన్న ముఖ్యమైన మాధ్యమాలు నీటిరంగులు, టెంపెరా, తైలవర్ణాలు. ఆక్రిలిక్ రంగులు అప్పటికి లేవు. టర్పెంటైనుతో కలిపే ఆక్రిలిక్ రంగులు 1940లలోను, నీటితో కలిపేవి 1950ల మధ్యలోను అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు విద్యార్థులు నీటిరంగులతో పాటు వీటిని కూడా వాడుతున్నారు కనుక భేదం తెలుసుకోవడం మంచిది.

ఆక్రిలిక్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది జిగురు కాదు, ఒక రకమైన ప్లాస్టిక్. దాని సూక్ష్మకణాలు నీటిలో తేలియాడుతూ ఉంటాయి. నీరు ఆవిరి కాగానే ఆ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కొని గట్టి పొరగా ఏర్పడతాయి. అటు తరువాత నీరు పోసినా అది కరగదు. ఆరిన నీటిరంగు మాత్రం తడి కుంచె తగిలితే మరల కదులుతుంది. ఆక్రిలిక్‌ను బాగా పలుచన చేస్తే నీటిరంగు వలె, చిక్కగా వేస్తే తైలవర్ణం వలె ఉంటుంది. ఒక పొర మీద మరొక పొర ఎన్నిసార్లైనా వేయవచ్చు, తప్పు వస్తే పూర్తిగా కప్పివేయవచ్చు. ఇసుక, కాగితం, గుడ్డ వంటివి అతికించి ప్రయోగాలు చేయవచ్చు. అయితే ఆరినప్పుడు రంగు కొంచెం ముదురుతుంది. వేసవిలో పళ్ళెంలోనే గట్టిపడిపోతుంది. కుంచెను వెంటనే కడగకపోతే అది పనికిరాదు.

తెలుగు చిత్రకారులలో తోట వైకుంఠం తెలంగాణ స్త్రీపురుషుల మూర్తులను ఆక్రిలిక్ రంగులలో చిత్రించి ప్రఖ్యాతి పొందాడు. ముదురు ఎరుపు, పసుపు, పెద్ద బొట్టు, స్పష్టమైన రేఖ ఆయన చిత్రాలలో ప్రధానం. మాధ్యమం మారినా, తన ప్రాంతపు మనిషిని ఆ ప్రాంతపు రంగులలోనే చూపాలన్న ఆలోచన మాత్రం రామారావు 1920లలో ఎదుర్కొన్నదే.

ప్రయాణంలో కనిపించిన దృశ్యాన్ని పట్టుకోవడానికి నీటిరంగు, ఇంటికి వచ్చి దానిని తిరిగి ఆలోచించి మార్చడానికి ఆక్రిలిక్ అనుకూలమని స్థూలంగా చెప్పవచ్చు. మొదటిది చూపును పరీక్షిస్తుంది, రెండవది ఊహకు వ్యవధి ఇస్తుంది. అయితే ఏ మాధ్యమమైనా ముందు రేఖ మీద పట్టు ఉంటేనే లొంగుతుందన్నది రామారావు చిత్తు పుస్తకాలు చెప్పే పాఠం.

చిత్రశాల, చిత్రాల సంరక్షణ

రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలలో ఈయన రచనలతో పాటు సమకాలికుల, శిష్యుల చిత్రాలు కూడా ఉన్నాయి. ఇది తరువాత ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది. (రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది.) ఒకే చిత్రకారుని తైలవర్ణాలు, నీటిరంగులు, రేఖాచిత్రాలు ఒకే చోట చూసే అవకాశం తెలుగు దేశంలో అరుదు.

నీటిరంగుల చిత్రాలకు ఆయుష్షు పరిమితం. పలుచని పొర కావడం వలన వెలుతురు సోకిన కొద్దీ కొన్ని రంగులు, ముఖ్యంగా కొన్ని ఎరుపులు, పసుపులు వెలిసిపోతాయి. తేమ వలన కాగితంపై గోధుమ రంగు మచ్చలు, బూజు ఏర్పడతాయి. వెనుక అతికించిన నాసిరకం అట్టలోని ఆమ్లం కాగితాన్ని పెళుసుగా మారుస్తుంది. నదీతీర, సముద్రతీర పట్టణాలలో ఈ సమస్య మరింత ఎక్కువ. అందువలన ప్రపంచమంతటా చిత్రశాలలు కాగితపు చిత్రాలను మసక వెలుతురులో, కొద్ది నెలలు మాత్రమే ప్రదర్శించి, తరువాత చీకటి పెట్టెలలో భద్రపరుస్తాయి. ఇళ్ళలో పాత నీటిరంగుల చిత్రాలు ఉన్నవారు కూడా వాటిని ఎండ తగిలే గోడలకు తగిలించకూడదు. గాజుపలక చిత్రానికి ఆనుకోకుండా మధ్యలో అట్ట అంచు ఉండాలి.

వంద సంవత్సరాలు దాటిన ఈ కాగితాలపై ఉన్నది ఒక యువకుని ప్రతిభ మాత్రమే కాదు. ఆనాటి గోదావరి రేవులు, పడవలు, స్త్రీల కట్టుబొట్టులు కూడా రంగులతో వీటిలో నిలిచి ఉన్నాయి. నలుపు తెలుపు ఛాయాచిత్రాలే ఉన్న ఆ కాలపు తెలుగువారి జీవితంలోని రంగులు తెలుసుకోవడానికి ఈ చిత్రాలు విలువైన ఆధారం.